పెళ్ళి నగల్లో బంగారం తగ్గించి పచ్చలు, కెంపులు పెట్టిస్తే నష్టపోతామా?

శ్రావణి_మియాపూర్

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా చెల్లి పెళ్ళి. నగల మీద ఇంట్లో రోజూ ఒకటే చర్చ, అందుకే తెలిసినవాళ్ళని అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి ప్లీజ్.

నాన్న చెల్లి పెళ్ళి కోసమని కాసు కాసు కూడబెట్టిన బంగారం ఉంది. దానికి అమ్మ పాత గాజులు కలిపి వడ్డాణం, కాసులపేరు, వంకీ చేయించేద్దామని ఆయన ఉద్దేశం. చెల్లి ఏమో వడ్డాణం వద్దే వద్దంటోంది. పెళ్ళిరోజు పెట్టుకున్నాక అది లాకర్లోకి పోతుంది, మళ్ళీ ఎవరి పెళ్ళికో గానీ బయటికి రాదు, ఆ డబ్బుతో మంచి పచ్చలు, అన్‌కట్ వజ్రాలు పెట్టి ఒక చోకర్, జుంకాలు, పొడుగాటి కెంపుల పూసల మాల చేయించుకుంటే పట్టుచీర మీదకీ వస్తాయి, రిసెప్షన్ లెహంగా మీదకీ వస్తాయి అని తన వాదన. ఉంగరానికి కూడా వజ్రం వద్దట, నీలం కావాలట. డయానా పెట్టుకున్న 12 క్యారెట్ల సిలోన్ నీలం ఉంగరం 2010లో కేట్ వేలికి వచ్చింది కదా, ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి అదే పట్టు. ఇక నానమ్మ, జాతకం చూపించకుండా నీలం ఇంట్లోకి తేవద్దంటోంది.

నా మొగ్గు చెల్లి వైపే. కానీ "రేపు అవసరమొస్తే ఈ రాళ్ళకి ఎవరు డబ్బులిస్తారు" అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు.

షాపుల్లో అడిగితే ఇంకా గందరగోళంగా ఉంది. ఒక పెద్ద షోరూంలో చోకర్‌కి అంచనా రాసిచ్చారు. అందులో బంగారం ఒక లైను, రాళ్ళన్నీ కలిపి "స్టోన్ ఛార్జెస్" అని ఇంకో లైను. ఏ రాయి ఎన్ని క్యారెట్లు, ఎంత ధర అంటే "అన్నీ నేచురలే మేడం" అన్నారు, అంతే. పత్తర్‌గట్టీలో ఒక చిన్న షాపులో అచ్చం అదే రంగు పచ్చ పూసలు పదో వంతు ధరకి చూపించారు. రెండింటికీ తేడా ఎక్కడుందో నా కంటికి తెలియలేదు. బిల్లు ఎలా ఉండాలి, రాయి అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి, నాన్నకి ఏం చెప్పాలి, దయచేసి చెప్పండి.

పచ్చిపని_కిరణ్

శ్రావణి గారూ, మాది నగలు చేసే కుటుంబం. మా నాన్న పచ్చి పని, అంటే నగల్లో రాళ్ళు పొదిగే పని చేసేవారు, ఇప్పుడు సికింద్రాబాద్‌లో వర్క్‌షాప్ నేను చూసుకుంటున్నాను. రాళ్ళ గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు, నేను బిల్లు సంగతి చెబుతాను, ఎందుకంటే రాళ్ళ నగల్లో జనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా తూకం దగ్గరే.

అయిదు క్యారెట్లు అంటే ఒక గ్రాము. మీ చోకర్ మొత్తం బరువు 60 గ్రాములు, అందులో రాళ్ళు 75 క్యారెట్లు అనుకోండి, అంటే రాళ్ళే 15 గ్రాములు. నికరంగా బంగారం 45 గ్రాములు. బంగారం రేటు కట్టాల్సింది ఈ 45కే, తరుగు వేయాల్సింది కూడా ఈ 45 మీదే. తరుగు శాతం తక్కువ చెప్పి దాన్ని గ్రాస్ వెయిట్ మీద వేసే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. 2025లో 24 క్యారెట్ల బంగారం పది గ్రాములు లక్ష దాటింది కదా, ఆ రేటు మీద 15 గ్రాములు అటూ ఇటూ అయితే ఎంత అవుతుందో మీరే లెక్క వేసుకోండి. కాబట్టి బిల్లులో గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ వేరుగా ఉండాలి, పచ్చలు ఇన్ని క్యారెట్లు క్యారెట్ ఇంత, కెంపులు ఇన్ని, అన్‌కట్ వజ్రాలు ఇన్ని అని ఒక్కో రకానికీ ఒక్కో లైను ఉండాలి. "స్టోన్ ఛార్జెస్" అని గుండుగుత్తగా రాస్తే ఒప్పుకోకండి. ఆ ఒక్క లైను పట్టుకుని రేపు మీరు ఏ షాపుకి వెళ్ళినా ఏమీ అడగలేరు.

ఇంకోటి, హాల్‌మార్క్. ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీ నంబర్ బంగారం స్వచ్ఛతకే, రాళ్ళకి దానితో సంబంధం లేదు. 2023 ఏప్రిల్ నుంచి ఆ నంబర్ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అయితే కుందన్, పోల్కీ (అన్‌కట్ వజ్రాలవి), జడావు లాంటి రాళ్ళు పొదిగిన నగలకి ఆ తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. చాలామందికి ఇది తెలియదు. మీ చెల్లి అడిగే అన్‌కట్ చోకర్ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది, కాబట్టి బంగారం ఎన్ని క్యారెట్లదో బిల్లు మీద రాయించుకోవడం మీ బాధ్యత. కుందన్ పనిలో రాయి కింద లక్క ఉంటుంది, దాని బరువు కూడా ఉంటుంది. మార్పిడికి తెస్తే లక్క ఎంత తీసేస్తారో ముందే అడగండి.

వెనక మూసేసిన సెట్టింగ్‌లో రాయి కింద మెరిసే రేకు పెడతాం. అది మోసం కాదు, ఆ పని పద్ధతే అంత, రాయికి కాంతి వచ్చేది దానివల్లే. కానీ లేత రాయి కూడా రేకు మీద ముదురుగా కనిపిస్తుంది. క్యారెట్‌కి ఎక్కువ ధర పెట్టి కొనే పచ్చ అయితే వెనక తెరిచి ఉంచిన సెట్టింగే అడగండి.

రత్నపరీక్ష_అనూష

నేను ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేస్తాను. "నేచురల్" అన్న మాట దగ్గర ఆగిపోకండి శ్రావణి గారూ, దాని తర్వాత అడగాల్సిన ప్రశ్న "ట్రీట్‌మెంట్ ఏం చేశారు" అని.

పచ్చలతో మొదలుపెడతాను. మార్కెట్లో దొరికే పచ్చల్లో దాదాపు అన్నింటికీ నూనె పట్టిస్తారు. పచ్చలో పుట్టుకతోనే సన్నటి పగుళ్ళు ఉంటాయి, రంగులేని నూనె వాటిలోకి వెళ్తే అవి కనిపించవు. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అందరూ ఒప్పుకున్నదే. తేడా అంతా ఎంత పట్టించారన్న దాంట్లో ఉంది. ల్యాబ్ రిపోర్టులో మైనర్ (కొంచెం) అని ఉన్న రాయికీ, సిగ్నిఫికెంట్ (ఎక్కువ) అని ఉన్న రాయికీ రంగు ఒకటే అయినా ధర చాలా తేడా ఉంటుంది. జాంబియా పచ్చల్లో ఇనుము ఎక్కువ కాబట్టి కొంచెం నీలి ఛాయ ఉంటుంది, కొలంబియా పచ్చ కంటే శుభ్రంగా ఉన్నవి ఎక్కువ దొరుకుతాయి. మన బడ్జెట్లకి ఇప్పుడు జాంబియావే మంచివని నా అభిప్రాయం.

కొలంబియా పచ్చని భూతద్దం కింద పెడితే ఒక్కోసారి కనిపించేది చెప్తాను, ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. రాయి లోపల సూదిమొనంత ఖాళీ, అందులో నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక గాలి బుడగ, పక్కనే నలుచదరంగా ఒక ఉప్పు పలుకు. రాయి పుట్టినప్పుడు భూమిలో ఉన్న ఉప్పునీరు అలాగే చిక్కుకుపోయిందన్నమాట. పచ్చలో ఏ మచ్చా ఉండకూడదని కస్టమర్లు పట్టుబడతారు గానీ, తక్కువ ధరకి ఏ మచ్చా లేని ముదురు పచ్చ ఇస్తున్నారంటే నేనైతే ముందు గాజునో, ల్యాబ్‌లో పెంచినదాన్నో అనుమానిస్తాను.

కెంపులకి వస్తే, కెంపూ నీలమూ ఒకే ఖనిజం, కోరండం. క్రోమియం ఉంటే ఎరుపు, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. రెండింటినీ కాల్చి రంగు మెరుగు చేయడం మామూలే, కాల్చిన రాయి కొంటే తప్పేమీ లేదు, ఆ రంగు పోదు. జాగ్రత్త పడాల్సింది గాజు నింపిన కెంపుల దగ్గర. పగుళ్ళతో పనికిరాని కోరండంలోకి సీసం కలిపిన గాజు కరిగించి పోస్తారు, పైకి చక్కటి కెంపులా ఉంటుంది. భూతద్దం కింద అటూ ఇటూ వంచితే పగుళ్ళలో నీలంగా మెరుపు తళుక్కుమంటుంది, చదునైన బుడగలు కనిపిస్తాయి. దీనితో వచ్చే చిక్కేమిటంటే నిమ్మరసం తగిలినా ఆ గాజు పాడవుతుంది. మన ఇళ్ళల్లో నగలు నిమ్మకాయతోనూ చింతపండుతోనూ తోమే అలవాటు ఉంది కదా. రిపేరుకిస్తే మంటకీ ఆసిడ్‌కీ ఇంకా త్వరగా పోతుంది. అది కెంపు ధరకి అమ్మాల్సిన సరుకే కాదు. ఎర్ర పూసల మాలల్లో ఇది చాలా ఎక్కువ, గట్టిగా అడగండి.

సురేశ్_కూకట్‌పల్లి

మీ నాన్నగారి ప్రశ్న సరైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. బంగారానికి ప్రతి ఉదయం ఒక రేటు వస్తుంది, ఊళ్ళో ఏ షాపుకెళ్ళినా దానికి దగ్గరగా కడతారు. పచ్చకి అలాంటి రేటు ఎక్కడా లేదు. రెండు కెంపులు ఒకే బరువున్నా ఒకటి ఇంకోదానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. మీరు అమ్మేటప్పుడు కొనేవాడు చెప్పిందే ధర. చాలా షాపులు పాత నగ తీసుకునేటప్పుడు బంగారానికి మాత్రమే కట్టి చిన్న రాళ్ళకి సున్నా వేస్తాయి. రిపోర్టు ఉన్న పెద్ద రాయి, ముఖ్యంగా కాల్చని నీలమో కెంపో అయితే వేరే సంగతి, కానీ అది కొనే బడ్జెట్ వేరు.

అయితే నాన్నగారికి వడ్డాణం లెక్క కూడా చూపించండి. తరుగు 15 శాతం ఉందనుకుంటే కొన్న రోజే అది పోయినట్టు, పైన 3 శాతం జీఎస్టీ. వడ్డాణం కూడా నగే, అందులోనూ తిరిగిరాని డబ్బు ఉంది. నా సలహా అడిగితే, నాన్నగారి బంగారంలో ఒక భాగం ముట్టుకోకుండా కాయిన్లుగానే చెల్లి పేరు మీద ఉంచేయండి, అవసరానికి ఆదుకునేది అదే. మిగతాది రాళ్ళ నగల మీద పెట్టండి, ఆ డబ్బు వేసుకోవడానికి ఖర్చు పెట్టినట్టు అనుకోండి. పెట్టుబడి అని ఎవరైనా షాపులో చెబితే, ఇదే నగని వచ్చే ఏడాది తిరిగి ఎంతకి తీసుకుంటారో బిల్లు మీద రాసి ఇవ్వమనండి. రాసిస్తే కొనండి.

ఉంగరానికి వజ్రం బదులు నీలం అన్నదాంట్లో మాత్రం నాకు తప్పేమీ కనిపించడం లేదు. ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు వచ్చాక చిన్న వజ్రాలకి ఒకప్పటి బలం లేదు. ఇప్పుడు అందరూ రంగురాళ్ళ వైపు చూడటానికి అదీ ఒక కారణం, బంగారం రేటు ఇంకో కారణం. తక్కువ బంగారంతో నిండుగా కనిపించాలంటే రాయే కదా దారి.

పద్మజ_హిమాయత్‌నగర్

శ్రావణీ, మీ నానమ్మగారి మాట కొట్టిపారేయకమ్మా. నీలం శనికి సంబంధించిన రాయి, అందరికీ పడదని మన పెద్దవాళ్ళ నమ్మకం, పెట్టుకునే ముందు కొన్నాళ్ళు దిండు కింద పెట్టుకుని చూసే ఇళ్ళు నాకు తెలుసు. పెళ్ళింట్లో ఒక రాయి మీద అందరికీ మనసులో గుబులు ఎందుకు? జాతకం చూపిస్తే పోయేదేముంది. పడదంటే స్పినెల్ అనే రాయి చూడండి, నీలి రంగులోనూ ఎరుపులోనూ వస్తుంది, రోజూ పెట్టుకునేంత గట్టిది, నవరత్నాల్లో లేదు కాబట్టి నానమ్మగారికి అభ్యంతరం ఉండదు. స్పినెల్ అంటే చిన్నచూపు చూడనక్కర్లేదు. ఇంగ్లండ్ రాజకిరీటంలో ముందున్న బ్లాక్ ప్రిన్స్ రూబీ అనేది అసలు స్పినెలే, శతాబ్దాల పాటు అందరూ కెంపనే అనుకున్నారు.

మన ఊరికి ఈ రంగులు కొత్తేం కాదమ్మా. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకి కొన్న నిజాం నగలు 173, వాటిని 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. జనమంతా జాకబ్ వజ్రం ముందు గుంపు కట్టారు గానీ నేను ఆ పచ్చల దగ్గర నిలబడిపోయాను. కొలంబియా పచ్చలు, బర్మా కెంపులు, బస్రా ముత్యాల ఏడు పేటల సత్‌లడా, ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ఆ నగల్లో బంగారం రాయిని పట్టుకోవడానికే ఉంది, రాయిని కప్పేయడానికి కాదు. 2024లో జామ్‌నగర్ వేడుకల్లో నీతా అంబానీ పెద్ద పచ్చల హారం వేసుకున్నాక అందరూ పచ్చలు పచ్చలు అంటున్నారు గానీ, హైదరాబాద్ పెళ్ళిళ్ళల్లో జడావి లచ్ఛాకి, అంటే రాళ్ళు పొదిగిన చోకర్‌కి, పచ్చల కుచ్చులు వేలాడటం మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

పత్తర్‌గట్టీలో చూసిన పూసల గురించి చెప్తాను. మోనాలిసా పూసలంటే గాజు, అది చెప్పే అమ్ముతారు, నిత్యం వేసుకోవడానికి హాయిగా ఉంటాయి. ఆకుపచ్చ ఒనిక్స్ అంటే రంగు వేసిన రాయి. "రష్యన్ ఎమరాల్డ్", "జైపూర్ ఎమరాల్డ్" లాంటి పేర్లు వింటే మాత్రం ఆగి, ఇది బెరిల్లా (అసలు పచ్చ ఆ ఖనిజమే), రంగు వేసిన క్వార్ట్‌జా, గాజా అని సూటిగా అడుగు. జైపూర్‌లో రాయి కోస్తారు, పచ్చల గని అక్కడ లేదు. తెలిసినవాడైతే జవాబు చెప్తాడు, నసిగితే లేచి వచ్చేయ్.

తన్వి_కొండాపూర్

రోజూ పెట్టుకునే ఉంగరం కాబట్టి గట్టిదనం కూడా చూసుకో అక్కా. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10, నీలం కెంపు 9, స్పినెల్ 8, పచ్చ 7.5 నుంచి 8. గాల్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువులు 7, అందుకే అంతకంటే మెత్తటివి కొన్నాళ్ళకి గీతలు పడి మసకబారతాయి. టాంజనైట్ చూపించి నీలంలాగే ఉంటుంది, చవక అంటారు. 1967లో టాంజానియాలో దొరికింది, ఇప్పటికీ అక్కడొక్కచోటే దొరుకుతుంది, రంగు చూస్తే నిజంగా కళ్ళు తిప్పుకోలేం. కానీ గట్టిదనం 6 నుంచి 7 మధ్య, కంప్యూటర్ టేబుల్‌కి తగిలే వేలికి అది వద్దు, చెవులకైతే బ్రహ్మాండం. పచ్చ అంకె బాగానే ఉన్నా లోపలి పగుళ్ళ వల్ల దెబ్బకి చిట్లుతుంది, అందుకే నేనైతే పచ్చని చోకర్‌లోనూ జుంకాల్లోనూ పెట్టించి ఉంగరానికి నీలమే తీసుకుంటాను. పచ్చల నగని శుభ్రం చేయడానికి మెషీన్లో వేయనివ్వొద్దు, వేడినీళ్ళలో నానబెట్టొద్దు, నూనె పోతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

బడ్జెట్ కుదరకపోతే కెంపు పూసల బదులు గార్నెట్ చూడు. కాల్చడాలు, గాజు నింపడాలు గార్నెట్‌కి చాలా అరుదు, ముదురు దానిమ్మ గింజ రంగు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేటలో ప్రాచీన కాలం నుంచీ గార్నెట్లు తవ్వారు, మన నేల రాయే. గాజు నింపిన కెంపుల మాల కంటే అసలు గార్నెట్ల మాల మెడలో ఉండటం నాకు వంద రెట్లు నయం.

శ్రావణి_మియాపూర్

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. రాత్రి భోజనాలయ్యాక నాన్నకి మొత్తం చదివి వినిపించాను. సురేశ్ గారి లెక్క ఆయనకి నచ్చింది. సగం బంగారం కాయిన్లుగా ఉంచేద్దాం, వడ్డాణం మానేద్దాం అన్నారు, చెల్లి ఆనందం చెప్పక్కర్లేదు. కెంపుల మాల మానేసి గార్నెట్లు చూద్దామని చెల్లే అంది. నీలం సంగతి జాతకం చూపించాక. ఒక్క సందేహం మిగిలింది: టెస్ట్ నగ తయారయ్యాక చేయించాలా, ముందా? షాపువాళ్ళు "నగ అయ్యాక మేమే సర్టిఫికెట్ ఇస్తాం" అంటున్నారు.

రత్నపరీక్ష_అనూష

ముందే చేయించండి. విడి రాయిని అన్ని వైపుల నుంచీ చూడొచ్చు, విడిగా తూచొచ్చు. వెనక మూసి పొదిగేస్తే మేం చెప్పగలిగేది చాలా తగ్గిపోతుంది, బరువు కూడా అంచనాగానే రాస్తాం. చోకర్లో మధ్యన వచ్చే పెద్ద పచ్చలకి ఒక్కోదానికీ రిపోర్టు తీసుకోండి, చిన్నవి, పూసలు అయితే మీ చేత్తో కొన్ని ఏరి ఇవ్వండి, షాపువాళ్ళు ఏరినవి వద్దు. షాపు తన సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చే కాగితం సర్టిఫికెట్ కాదు, అమ్మకంతో సంబంధం లేని ల్యాబ్ రిపోర్టే కావాలి. అందులో ట్రీట్‌మెంట్ గురించి ఒక లైను ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే మళ్ళీ అడగండి.

పచ్చిపని_కిరణ్

అనూష గారు చెప్పిందే కరెక్ట్. రాళ్ళకి రిపోర్టు వచ్చాక పొదగడానికి ఇచ్చే ముందు ఒక్కో పెద్ద రాయినీ రెండు వైపులా ఫొటో తీసుకోండి, నగ చేతికొచ్చాక పోల్చి చూసుకోవచ్చు. మాఘం ముహూర్తాలంటే పని కార్తీకంలోనే మొదలవ్వాలి, ఆ తర్వాత మంచి రాళ్ళు పొదిగేవాళ్ళు ఎవరూ ఖాళీగా ఉండరు. చోకర్ డిజైన్ ఖాయమయ్యాక ఇక్కడ పెట్టండి, వెనక సెట్టింగ్ ఎక్కడెక్కడ తెరిచి ఉంచమనాలో గుర్తు పెట్టి ఇస్తాను.